ఎన్ని ఎండలు

ఫారంలో పదిహేడో ప్రశ్న ఇలా ఉండేది:
"కర్రపెండలాన్ని ఎన్ని గంటలు ఆరబెట్టారు?"
మపూతోలో చల్లటి గదిలో కూర్చుని
నలుగురు ప్రొఫెసర్లు రాసిన ప్రశ్న.
దాన్ని మకువాలోకి తిప్పడం నా పని.
గంట అన్న మాట మా భాషలో
పోర్చుగీసు చొక్కా తొడుక్కునే తిరుగుతుంది.

ఆ ఏడు వాన మొహం చాటేసింది.
నేలలో చేదు దుంప ఒక్కటే మిగిలింది.
నంపులా దాటి ఎర్రమట్టి దారిన ఒక పూట ప్రయాణం.
అక్కడ పదకొండు గుడిసెల్లో
పొద్దున లేచిన పిల్లలు నిలబడలేకపోయారు.
జ్వరం లేదు. దెబ్బ లేదు.
రాత్రి ఆడుకుని పడుకున్న కాళ్లు
తెల్లారేసరికి కత్తెరలా బిగుసుకున్నాయి.
మంతకస్సా అంది ఊరు. చేతబడి అన్నారు కొందరు.
జిల్లా డాక్టరు పోలియో అని రాసి, కొట్టేసి,
ప్రశ్నార్థకం పెట్టి పైకి పంపాడు.

ఆ ప్రశ్నార్థకం వెంట వచ్చింది ప్రొఫెసర్ దేవోలిందా.
అరవై ఏళ్లు, మోకాళ్ల నొప్పులు,
నెత్తిన మగవాళ్ల టోపీ,
డబ్బా నిండా పసుపు కాగితపు ముక్కలు.
పిండి కలిపిన సీసాలో
మూత కింద ఒక ముక్క వేలాడదీసి రాత్రంతా ఆగితే
విషం ఉన్నచోట అది ఇటుక రంగుకు తిరుగుతుంది.
మాకు ముందే చెప్పింది:
"అడిగేవాడు తొందరపడితే జవాబు దాక్కుంటుంది.
చాప వేస్తే కూర్చోండి. వెయ్యకపోతే నేల ఉంది."

మువజీజా వాకిట్లో నేలే ఉంది.
ఆమె చిన్నది సల్మినా, ఏడేళ్లది,
గోడ పట్టుకుని మునివేళ్ల మీద వణుకుతూ
మమ్మల్నే చూస్తోంది.
నేను పదిహేడో ప్రశ్న చదివాను.
మువజీజా నవ్వింది. అందులో నవ్వు లేదు.
"గంటలా? దుంపకు ఎండలు లెక్క, అబకార్.
మా అత్త ఇరవై ఎండలు చూపించేది.
విరిస్తే సుద్దముక్కలా టక్కుమనాలి,
అప్పుడే రోట్లో వెయ్యాలి."
"మరి ఈసారి?"
అడిగింది ప్రొఫెసర్. ఫారంలో లేని ప్రశ్న.
కోళ్లన్నీ అమ్ముడుపోయిన వాకిట్లో
చాలాసేపు ఏ చప్పుడూ లేదు.
"ఒక్కటి," అంది మువజీజా.
"రెండో ఎండ దాకా పిల్లలు ఆగలేదు."

నలుగురు సంతకాలు పెట్టిన ప్రశ్నను
ప్రొఫెసర్ అడ్డంగా కొట్టేసింది.
పక్కన రాసింది: ఎన్ని ఎండలు?
రెండు వందల ఆరు ఇళ్లు
మళ్లీ మొదటినుంచి తిరిగాం.
నా చెప్పులు రెండూ తెగాయి.
ఎండలు తగ్గిన ఇంట్లోనే కాళ్లు పోయాయి;
ఎండుచేపో, చిక్కుడు గింజో దొరికిన ఇంట్లో
కొంచెం తక్కువ.

సాయంత్రం మువజీజా జీపు దాకా వచ్చింది.
"అయితే, నా చేతులతోనేనా?"
నేను అనువదించలేదు.
ప్రొఫెసర్ నా మొహం చదువుకుని జీపు దిగింది.
ఏమీ అనలేదు.
రోలు పక్కన కూలబడి కత్తి తీసుకుని
దుంప చెక్కు తియ్యడం మొదలుపెట్టింది,
మరీ మందంగా, సగం దుంప తొక్కతోనే పోయేలా.
చూడలేక మువజీజా కత్తి లాక్కుంది.
ఎలా తియ్యాలో చూపించింది.

తర్వాత నివేదిక.
మొదటి ప్రతిలో కమిటీ మాట: తల్లుల నిర్లక్ష్యం.
ప్రొఫెసర్ అది కొట్టేసి ఆకలి అని రాసింది.
కమిటీ ఆకలిని కొట్టేసి
ఆహార లభ్యతలో లోటు అని రాసింది.
ఆమె మళ్లీ ఆకలి అనే రాసింది.
ఆ ఉత్తరాలు ఎనిమిది నెలలు నడిచాయి.
సల్మినా నడవలేదు.

చివరికి అచ్చులో ఏ మాట మిగిలిందో
నాకు తెలియదు. మా ఊరికి ప్రతి రాలేదు.
ఇప్పుడు కొత్తగా వచ్చే కుర్రాళ్లకు నేనే నేర్పుతున్నాను.
మొదటి రోజు ఫారం ఇవ్వను,
కత్తీ దుంపా ఇచ్చి మువజీజా వాకిట్లో కూర్చోబెడతాను.
సల్మినా రెండు కర్రల మీద వచ్చి
గోడ మీద బొగ్గుతో ఎండకో గీత గీస్తుంది.
మువజీజా వాళ్ల చేతులకేసి చూస్తుంటుంది.
చదువుకున్నవాళ్లు కదా,
అందరూ చెక్కు మందంగానే తీస్తారు.